మైల లెక్కలో రెండు రోజులు

ఉద్యోగం చేసిన ముప్పై మూడేళ్ళూ నేను రెండు తేదీలను విడివిడిగా రాశాను. మనిషి పోయిన తేదీ ఒక గడిలో, ఆ సంగతి మా కౌంటరుకి వచ్చి చెప్పిన తేదీ ఇంకో గడిలో. మున్సిపల్ ఆఫీసులో జనన మరణాల సెక్షన్ నాది. వచ్చినవాళ్ళు దుఃఖంలో ఉండి ఒక తేదీ అడిగితే ఇంకో తేదీ చెప్పేవారు. "పోయిందెప్పుడు? మీరు చెబుతున్నదెప్పుడు?" అని రెండుసార్లు అడిగేదాన్ని. కసిరేదాన్ని కూడా.

ఆ రెండు తేదీలనూ నేను ఒకే ఒక్కసారి కలిపేశాను. అది రిటైరైన పదహారేళ్ళకి, ఇంట్లో పెట్టుకున్న నోటు పుస్తకంలో. దానివల్ల మా ఎదురింటావిడ సిమెంటు గచ్చు మీద రెండు పగళ్ళు, రెండు రాత్రులు పడి ఉంది.

తేదీలన్నీ ఆ పుస్తకంలోనే ఉన్నాయి. ఇక్కడికి వారాల పేర్లు చాలు.

అనకాపల్లిలో మా వీధి బెల్లం మార్కెట్టుకి వెళ్ళే రోడ్డుకి కొంచెం లోపలగా ఉంటుంది. మొత్తం పదకొండు ఇళ్ళు. అందులో ఐదిళ్ళలో ముసలివాళ్ళమే ఉంటాం. ఎదురింటావిడకి డెబ్బై ఒకటి, నాకంటే మూడేళ్ళు చిన్న. అక్క వరసలో నన్ను అప్పా అని పిలుస్తుంది. ఆవిడ భర్త ఎస్. రాయవరం దగ్గర రైతుల కుటుంబం నుంచి వచ్చి, ఇక్కడ ఒక బెల్లం షాపులో పనిచేసి పోయాడు. మా పక్కిల్లు సాయిబుగారిది. పరుపులు, బొంతలు కుట్టేవారు, ఇప్పుడు వేళ్ళు వంగక మానేశారు. ఆయన భార్యకి చూపు తక్కువ. సాయిబుగారి తర్వాత ఇంట్లో మార్కెట్టులో కాటా దగ్గర పనిచేసిన మనిషి ఒక్కడే ఉంటాడు. అందరూ కాటా ఆయన అంటారు. వీధి చివర షుగరు జబ్బుతో ఒక ముసలామె. ఐదో ఇల్లు నాది.

అంతకుముందు ఆరోది కూడా ఉండేది. అందులో ఒక డ్రాయింగు మాస్టారు ఉండేవారు. ఆయన పోయిన మూడో రోజుకి గాని ఎవరికీ తెలియలేదు. గేటులోపల మూడు న్యూస్ పేపర్లు పడి ఉన్నాయి, అవి చూసే మేమందరం అటూ ఇటూ నడిచాం. ఆయన తమ్ముడి కొడుకు వచ్చి, సర్టిఫికెట్టుకి ఏ తేదీ రాయించాలని నన్ను అడిగాడు. నాకు తెలియదు. అతనికీ తెలియదు. చూసిన రోజే రాయించాడు. ఇంకేం రాయిస్తాడు?

ఆ మాట నన్ను వదలలేదు. పదిహేను రోజుల తర్వాత ఒక ఆదివారం సాయంత్రం అందరినీ కాటా ఆయన అరుగు మీద కూర్చోబెట్టాను. ఒకరినొకరు రోజూ చూసుకునే ఏర్పాటు ఒకటి ఉండాలన్నాను. "కనీసం తేదీ అయినా సరిగ్గా ఉంటుంది," అన్నాను.

"సచ్చిన తేదీ కోసమేటి ఆఫీసమ్మా, మనం బతకడం?" అన్నాడు కాటా ఆయన.

"నీకు తేదీ ఎందుకులే బావా," అన్నారు సాయిబుగారు. "నువ్వు సత్తే మార్కెట్టు అంతా సెలవిచ్చేత్తారు. దాన్ని బట్టి తెలుత్తాది."

నియమాలు నేనే రాశాను. పొద్దున్న ఏడు గంటలకల్లా ప్రతి ఇంటి ముందూ ఒక గుర్తు కనిపించాలి. నాకూ, ఎదురింటావిడకీ, చివరింటామెకీ వాకిట్లో ముగ్గే గుర్తు. సాయిబుగారింట్లో గుమ్మానికి వేలాడే పరదా పైకి మడిచి కట్టాలి. కాటా ఆయన తన ప్లాస్టిక్ కుర్చీ అరుగు మీదికి తెచ్చుకోవాలి. వాన పడితే ముగ్గు నిలవదు కాబట్టి గేటు కమ్మీకి ఖాళీ పాల ప్యాకెట్టు గుచ్చాలి. ఏడూ ఐదుకి గుర్తు లేకపోతే తలుపు కొట్టాలి. తీయకపోతే వెనక సందులోంచి వెళ్ళాలి. నేను వీధి చివరి దాకా ఒకసారి నడిచి వచ్చి పుస్తకంలో టిక్కులు పెడతాను. నా ముగ్గు ఎదురింటావిడ చూస్తుంది.

అన్నీ అయ్యాక ఎదురింటావిడే అడిగింది: "మరి మైలొత్తేనో అప్పా? మైల్లో ముగ్గెయ్యకూడదు కదా."

"ఆ రోజుల్లో టిక్కు పెట్టను, 'మై' అని రాస్తాను. చావు జరిగిన ఇంట్లో నలుగురూ ఉంటారు. మనం చూడక్కర్లేదు," అన్నాను.

"నాకు తెలీక అడుగుతున్నాను ఆఫీసమ్మగారూ," అన్నారు సాయిబుగారు. "సావు ఒక ఊళ్ళో అయితే మైల ఇంకో ఊళ్ళో ఉండదా?"

"మా మైల గొడవ నీకెందుకు బావా?" అన్నాడు కాటా ఆయన. "నీకు పరదాయే కదా. ఏడాదంతా మడుసుకుంతా కూకో."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సాయిబుగారి ప్రశ్న మాత్రం పుస్తకంలో రాసుకోలేదు.

ఈ ఏర్పాటు వల్ల అందరికంటే ఎక్కువ లాభం ఎదురింటావిడకే కలిగింది. ఆవిడకి ఒక్కతే కూతురు. కూతురూ అల్లుడూ పరవాడ దగ్గర మందుల కంపెనీలో పనిచేస్తారు. తల్లిని తమ దగ్గరికి తీసుకుపోవాలని కూతురు రెండేళ్ళుగా పోరుతోంది. ఈవిడ వెళ్ళనంటుంది. రెండు గదుల ఇల్లు అది, భార్యాభర్తలిద్దరూ ఆరేళ్ళలో కొంచెం కొంచెంగా కట్టుకున్నారు. ఇసుక కూడా ఆవిడే మోసింది.

"ఆల్లిద్దరూ పొద్దున్నే కంపెనీ బస్సెక్కి పోతారు. నాను గోడల్ని సూసుకుంతా కూకోవాలా?" అనేది నాతో. "ఇక్కడయితే తలుపు తీత్తే నువ్వు కనిపిత్తావు."

కూతురు వచ్చినప్పుడు ఆవిడ మా ముగ్గుల ఏర్పాటు గురించి గొప్పగా చెప్పింది. నన్ను పిలిచి పుస్తకం కూడా తెప్పించింది. ఆ అమ్మాయి పేజీలు తిప్పి టిక్కులన్నీ చూసింది.

"సరేనమ్మా. ఈల్లు సూత్తన్నంతకాలం ఉండు. ఒక్కరోజు నిన్నెవరూ సూడలేదని తెలిసిందా, ఇంక నా మాటే ఇనాల," అని నా వైపు తిరిగింది. "నువ్వే సాక్షి పెద్దమ్మా."

సరేనన్నాను.

పద్నాలుగు నెలలు జరిగింది. తలుపు కొట్టాల్సి వచ్చింది తొమ్మిదిసార్లు. అందులో ఏడుసార్లు ఉత్త నిద్రే. ఒకసారి చివరింటామెకి షుగరు పడిపోయి మాట తడబడుతుంటే పంచదార నీళ్ళు పట్టించాం. ఒకసారి కాటా ఆయన జ్వరంతో లేవలేకపోయాడు. నేను కాఫీ పట్టుకెళితే, "రేపు కూడా కుర్సీ తియ్యనులే," అన్నాడు. ఎదురింటావిడ ముగ్గు ఒక్కరోజూ ఆలస్యం కాలేదు. ఏడు చుక్కలు, ఏడు వరుసలు. రోజూ ఒకటే ముగ్గు. వేసి గేటు దగ్గర నిలబడి, "ఏసేను అప్పా, రాసుకో," అని అరిచేది.

కార్తీక మాసంలో ఒక ఆదివారం మధ్యాహ్నం ఆవిడ గేటు దగ్గరే ఆగి నన్ను పిలిచింది. లోపలికి రమ్మంటే రానంది.

"మా మరిది పోనాడప్పా. శుక్రవారం పోనాడంట. నా ఫోను పాడయింది కదా, ఇయ్యాల మనిషొచ్చి సెప్పేడు. దహనం కూడా అయిపోనాది. మోకాలు ఇలాగుంటే నానేటి ఎల్తాను?"

భర్త తమ్ముడు కాబట్టి ఆవిడకి పూర్తి మైల. నేను కార్తీక దీపాలు పెట్టుకుంటున్నాను. "నువ్వు దీపం ఎట్టుకునే ఏల నా మొగం సూడకూడదు. పొద్దున్న బయటికి రాన్లే. సాయంత్రం పూట ఇక్కణ్ణుంచే పలకరిత్తాను," అంది.

లోపలికి వచ్చి పుస్తకం తీశాను. ఆ ఆదివారం గడిలో "మరిది మరణం, మైల" అని రాశాను. పదకొండు రోజులు లెక్కపెట్టాను. ఆదివారం ఒకటి, సోమవారం రెండు. అలా వచ్చే వారం బుధవారానికి పదకొండు. గురువారం పొద్దున్న మళ్ళీ ముగ్గు. బుధవారం వరకూ ఉన్న గడులన్నిటిలోనూ ఒకేసారి "మై" అని రాసేసి పుస్తకం మూశాను.

శుక్రవారం అని ఆవిడ చెప్పింది. నేను విన్నాను. కబురు ఎప్పుడు తెలిసినా మైల లెక్క మాత్రం పోయిన రోజు నుంచే. అది నాకు ఆఫీసులో నేర్చుకోకముందే, మా అమ్మ దగ్గరే తెలుసు.

ఆవిడ లెక్క సరిగ్గానే ఉంది. శుక్రవారం నుంచి పదకొండో రోజు సోమవారం. ఆ సోమవారం నేను ఉపవాసం ఉండి సాయంత్రం శివాలయానికి వెళ్ళి వచ్చాను. వచ్చేసరికి ఆవిడ ఇంటి తూములోంచి వీధిలోకి నీళ్ళు కారి ఉన్నాయి. ఇల్లు కడిగిందని తెలుస్తూనే ఉంది. కుళాయి బాగా వచ్చినట్టుంది, నేనూ డ్రమ్ము నింపుకోవాల్సింది అనుకున్నాను. మైల కడిగిన నీళ్ళని తట్టలేదు.

మంగళవారం పొద్దున్న ఏడు గంటలకి ఆవిడ వాకిట్లో ముగ్గు లేదు. పుస్తకంలో ఆ గడిలో "మై" అని ముందే రాసి ఉంది. దాటి వెళ్ళిపోయాను.

మంగళవారం సాయంత్రం ఆవిడ గేటు దగ్గరికి రాలేదు. "సా. రాలేదు" అని రాశాను. రాసి ఊరుకున్నాను. వెళ్ళి చూద్దామని అనిపించింది, లేదని అబద్ధం చెప్పను. అప్పటికే స్నానం చేసి దీపం పెట్టేశాను. మైలింటి గడప తొక్కితే మళ్ళీ తల మీద నీళ్ళు పోసుకోవాలి. జలుబు చేసి ఉంది. ఇంకెంత, గురువారం పొద్దున్న ఆవిడే వస్తుంది కదా అనుకున్నాను.

బుధవారం మధ్యాహ్నం సాయిబుగారు నా గేటు దగ్గరికి వచ్చారు.

"ఆఫీసమ్మగారూ, ఎదురింట్లో ముందు గది లైటు పట్టపగలు ఎలుగుతోంది. నిన్న కూడా ఎలిగింది. ఒకసారి పిలిసి సూడనా?"

"మైల్లో ఉందండీ. రేపటితో అయిపోతుంది," అన్నాను.

"మైల మీకు గాని నాకేటమ్మా? నాను ఎల్లొచ్చినా మీకేటీ అవదు కదా."

"వద్దులెండి. ఒంటరి ఆడమనిషి, పడుకుని ఉంటుంది. పుస్తకంలో ఉంది, రేపు పొద్దున్న ఏడింటికి ముగ్గు పడుతుంది."

ఆయన ఇంకోసారి అటు చూశారు. "మీరు రాసుకున్నారంటే సరేలెండి," అని వెళ్ళిపోయారు.

గురువారం ఏడు గంటలకి ముగ్గు లేదు. ఏడూ నాలుగుకే గేటు దాటాను. తలుపు లోపల గడియ వేసి ఉంది. మూడుసార్లు కొట్టాను. కాటా ఆయనని, సాయిబుగారిని కేకేస్తే ఇద్దరూ వచ్చారు. ముగ్గురం వెనక సందులోంచి వెళ్ళాం. సందు తలుపుని కాటా ఆయన భుజంతో తోశాడు.

కుళాయి గట్టుకీ వెనక గుమ్మానికీ మధ్య ఆవిడ ఒక పక్కకి పడి ఉంది. ఒక కాలు బయటికి తిరిగిపోయి ఉంది. చేతికి అందేంత దూరంలో ముగ్గు డబ్బా, పిండి అంతా ఒలికి గచ్చుకి అంటుకుపోయింది. చీర కొంగు కుళాయి కింద తడిసి ఉంది. కుళాయి కారుతుంది, బాగుచేయించమని నేను ఎన్నోసార్లు చెప్పాను. ఆ కారిన నీళ్ళకే కొంగు తడుపుకుని పీల్చుకుంది.

బతికే ఉంది. కళ్ళు తెరిచి నన్ను చూసి, "ఇయ్యాలేటి వారం అప్పా?" అంది.

"లక్ష్మివారం."

"నాను మంగళారం పడ్డాను. నీళ్ళు సల్లి ముగ్గేద్దారని... ఏడవుతాది, ముగ్గు లేదని అప్ప వత్తాది అనుకున్నాను. నీ సీపురు సప్పుడు ఇనిపించింది. పిలిసేను."

నేను వేళ్ళ మీద మళ్ళీ లెక్కపెట్టాను. శుక్రవారం ఒకటి, శనివారం రెండు. సోమవారానికి పదకొండు. మంగళవారం పొద్దున్న ముగ్గు. అక్కడే, కుళాయి గట్టు పక్కన నిలబడి లెక్కపెట్టాను. కాటా ఆయన నా వైపు చూసి, "ఇప్పుడేటి లెక్కలు ఆఫీసమ్మా, ఆ కాలు పట్టు," అని అరిచాడు.

అంబులెన్సులో ఆవిడ పక్కన నేను కూర్చున్నాను. పెదాలు పగిలి మాట సరిగ్గా రావడం లేదు. అయినా నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగి కూతురి సంగతి ఎత్తింది.

"మా గుంటకి నిన్న సాయంత్రం పడ్డానని సెప్పు అప్పా. రాత్రి ఒక్కటే అయినాదని సెప్పు. నన్ను ఆడికి అట్టుకుపోతాది. నీకు దండం ఎడతాను."

నేను అవుననీ కాదనీ అనలేదు. ఆవిడ అవుననే అనుకుంది. చెయ్యి వదిలింది.

ఆస్పత్రికి కూతురు పదిన్నరకి వచ్చింది. మెడలో కంపెనీ కార్డు అలాగే వేలాడుతోంది. తుంటి ఎముక విరిగిందని అప్పటికే చెప్పారు. మూత్రం నల్లగా వస్తోంది. పడి ఎంతసేపైందని డాక్టరు ఎదురింటావిడని అడిగాడు.

"నిన్న సాయంత్రం బాబూ. దీపాలు ఎట్టే ఏల."

డాక్టరు పరీక్షల కాగితం చూసి, నా వైపు తిరిగాడు. "మీరేనా చూసింది? ఎంతసేపు పడి ఉన్నారో సరిగ్గా తెలియాలమ్మా. కండ నలిగిపోయి కిడ్నీల మీద పడుతుంది. ఎన్ని గంటలో తెలిస్తే దాన్ని బట్టి చూస్తాం."

మంచానికి ఒక పక్క కూతురు, ఇంకో పక్క నేను. ఎదురింటావిడ నన్నే చూస్తోంది.

ఉద్యోగంలో ఎంతమంది తేదీలు మార్చమని అడిగారో నాకు తెలుసు. పిల్లల్ని బడిలో వేయడానికి అడిగారు, ఉద్యోగాల కోసం అడిగారు. ఏడ్చినవాళ్ళున్నారు, మా నాన్న పరిచయం చెప్పినవాళ్ళున్నారు. ఒక్కటీ మార్చలేదు.

"మంగళవారం పొద్దున్న. ఆరింటికి ముందే," అన్నాను. "నలభై తొమ్మిది గంటలు."

డాక్టరు రాసుకుని వెళ్ళిపోయాడు. కూతురు నా వైపు తిరిగింది.

"మంగళారం నుంచా?" అంది. "నువ్వు ఎదురింట్లోనే ఉన్నావు కదా పెద్దమ్మా."

అరిస్తే నాకు బాగుండేది. అరవలేదు. వీధిలో వాళ్ళ తప్పేం లేదని, మైల లెక్క నేనే తప్పు వేశానని, సాయిబుగారు చూస్తానంటే కూడా నేనే వద్దన్నానని వరసగా చెప్పాను. ఆ అమ్మాయికి ఆ లెక్క అర్థం కాలేదు. అర్థం చేసుకోవాల్సిన అవసరమూ లేదు.

"ఏ లెక్కయితే ఏటిలే," అంది. "మా అమ్మ గచ్చు మీద రెండ్రోజులు పడుంది."

నేను మంచం వైపు చూసేసరికి ఎదురింటావిడ ముఖం గోడ వైపు తిప్పేసుకుంది.

ఆపరేషన్ అయింది. కిడ్నీలు నెమ్మదిగా దారికొచ్చాయి. గంటలు తెలియడం మంచిదయిందని డాక్టరు ఒకసారి అన్నాడు. ఆ మాట ఆవిడకి చెప్పాను. వినిపించుకోలేదు. ఆస్పత్రిలో ఉన్న పదమూడు రోజుల్లో పదకొండు రోజులు వెళ్ళాను. నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నేను తీసుకెళ్ళిన జావ నర్సు చేతికిస్తే తాగింది, నేనిస్తే తాగలేదు.

పద్నాలుగో రోజు కూతురు ఆవిడని అక్కణ్ణుంచి అటే పరవాడ వైపు తీసుకుపోయింది. సామాను కోసం అల్లుడు ఒక ఆటో తెచ్చాడు. మంచం, ఫ్యాను, రెండు బిందెలు, బట్టల పెట్టె. ముగ్గు డబ్బా కుళాయి గట్టు మీదే వదిలేశాడు. తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

ఆ సాయంత్రం అరుగు మీద జరిగిందంతా చెబితే కాటా ఆయన నన్ను వదలలేదు.

"ఒక్క అబద్ధం ఆడితే ఏటి పోనాది ఆఫీసమ్మా? నోరు అరిగిపోతాదా? ఆవిడ నిన్ను దండం ఎట్టి అడిగింది."

"డాక్టరుకి నిజమే సెప్పాల బావా," అన్నారు సాయిబుగారు. "మనిషి పేణం."

"సెప్పొద్దని నానన్నానా? డాక్టరు గదికి ఎల్లి సెప్పొచ్చు. ఆడి సెవిలో సెప్పొచ్చు. కూతురు పక్కన నిలబడి సెప్పాలా?"

డాక్టరు గది ఆ మంచానికి ఇరవై అడుగుల దూరంలో ఉంది. ఆ సంగతి కాటా ఆయన అనేదాకా నాకు తట్టనే లేదు. తేదీ అడిగారు, చెప్పాను. ఎవరి ముందు అన్నది ముప్పై మూడేళ్ళలో నేను ఎప్పుడూ ఆలోచించిన విషయం కాదు.

మర్నాడు పుస్తకం సాయిబుగారికి ఇచ్చేయబోయాను. ఆయన పుచ్చుకోలేదు. "రాత మీదే ఉండనీండి. సూడ్డం అందరం సూద్దారి," అన్నారు. ఇప్పుడు గుర్తులు లేవు. ముగ్గున్నా లేకపోయినా, మైలున్నా లేకపోయినా, ప్రతి తలుపూ కొడతాం. మనిషి గొంతు వినాలి. నాలుగిళ్ళే కాబట్టి ఎనిమిది నిమిషాల్లో అయిపోతుంది.

ఆవిడ వెళ్ళిన మూడో వారం నేను పరవాడ బస్సెక్కాను. కూతురు ఉండే ఊరు కంపెనీలకి దగ్గర. రోడ్డు పక్కన పొలాలు, వాటి వెనక పొగ గొట్టాలు. రెండంతస్తుల ఇల్లు, పై వాటా వాళ్ళది. మెట్లెక్కేసరికి తలుపుకి బయట తాళం ఉంది. కిందింటామెని అడిగాను.

"పెద్దామె ఉన్నారండీ లోపల. మెట్ల మీదికి వచ్చి పడిపోతారని వాళ్ళు తాళం వేసుకుని వెళ్తారు. ఆరింటికి కంపెనీ బస్సు. మళ్ళీ సాయంత్రం ఆరున్నరకి వస్తారు. మధ్యాహ్నం నేను ఒకసారి తీసి అన్నం పెడతాను."

తాళంచెవి ఇమ్మంటే ఇచ్చింది. ఆవిడ కిటికీ పక్క మంచం మీద ఉంది. చిక్కిపోయింది. పక్కన నడిచే స్టాండు, చేతికి అందేలా నీళ్ళ సీసా, ఫోను. ఫోను కొత్తది. కిటికీలోంచి ఎదురింటి గోడ ఒక్కటే కనిపిస్తోంది.

నలభై నిమిషాలు కూర్చున్నాను. లెక్క నాదే తప్పని చెప్పాను. డాక్టరు గదిలోకి వెళ్ళి చెప్పాల్సిందని కూడా చెప్పాను. ఆవిడ గోడనే చూస్తూ విన్నది. చివరికి ఒక్క మాట అంది.

"నువ్వు ఎల్లప్పా. నీకు బస్సు టైముంటాది కదా."

వచ్చేటప్పుడు కిందింటామె నంబరూ, ఆవిడ కొత్త నంబరూ రాసుకున్నాను. తలుపుకి మళ్ళీ తాళం వేసింది నేనే. వేసి, పడిందో లేదో లాగి చూశాను, అలవాటు కొద్దీ.

మర్నాడు ఏడు గంటలకి ఆవిడకి ఫోను చేశాను. రెండు రింగులు మోగి కట్ అయింది. పొరపాటున నొక్కిందేమోనని మళ్ళీ చేశాను. మళ్ళీ కట్ చేసింది. సాయిబుగారికి చెప్పాను.

"కట్ సేత్తందంటే సెయ్యి ఆడతన్నాదన్నమాటే," అన్నారు ఆయన. "రాసుకోండి."

అప్పట్నుంచీ రోజూ ఏడింటికి చేస్తాను. ఆవిడ రోజూ కట్ చేస్తుంది. నేను టిక్కు పెట్టి, పక్కన ఎన్ని రింగులో రాస్తాను. నేటితో యాభై రోజులు. రెండు రింగులకి కట్ చేసినవి నలభై ఆరు, మూడు రింగులకి చేసినవి మూడు.

ఇవాళ ఏడు రింగులు మోగినా కట్ కాలేదు. ఎనిమిదో దానికి అయింది. టిక్కు పెట్టాను. ఎనిమిది అని రాశాను. పుస్తకం మూయబోయి ఆగి, కిందింటామెకి ఫోను చేసి ఒకసారి పైకి వెళ్ళి చూడమన్నాను.

"ఇప్పుడే కట్ చేశారంటున్నారు కదండీ," అందామె. "బాగానే ఉండుంటారు. నేను మధ్యాహ్నం ఎలాగూ వెళ్తాను."

"ఇప్పుడే వెళ్ళండి," అన్నాను. "నేను లైన్లోనే ఉంటాను."